ఆరనివి

ముప్ఫై ఒక్క ఏళ్లు గ్వయాకిల్ రేవులో
అరటిపెట్టెలు లెక్కపెట్టినందుకు
ఆఫీసువాళ్లు చందాలేసుకుని కొనిచ్చిన వీడ్కోలు ఇది:
కొండమీద మబ్బుల అడవిలో
పది గదుల హోటల్లో మూడు రాత్రులు.
ఫలహారం ఉచితం. వాన కూడా.

అలవాటు చావదు కదా, అడుగుపెట్టగానే లెక్క:
ఒక మంచం. ఒక తల. ఆరు దిండ్లు.
ఏ దిండు దేనికో చెప్పే చీటీ ఒకటి.
ఒక గోడ మొత్తం అద్దం. అద్దం అవతల
చెట్టు మీద చెట్టు, ఆ చెట్టు మీద నాచు,
నాచు మీద పువ్వు, పువ్వు కడుపులో
చెంచాడు నీళ్లు, ఆ నీళ్లలో
చిటికెనవేలి గోరంత కప్ప.
ఏ పద్దులో రాయాలో తెలియని సరుకు.

మొదటి రాత్రి కన్ను మూతపడలేదు.
సుఖపడ్డానికి కూడా సాధన కావాలి కాబోలు.
ఆ మెత్తదనంలో, ఈత రానివాడిలా
మంచం అంచు పట్టుకుని పడుకున్నాను.
వాన ఆగిపోయాక కూడా ఆకులు
తమ వంతు వాన కురుస్తూనే ఉన్నాయి.

పొద్దున్నే పిట్టల్ని చూపిస్తానని ఉల్బియో తీసుకెళ్లాడు.
"అదిగో" అన్నాడు. "ఎక్కడ?" అన్నాను.
"ఇప్పుడే పోయింది" అన్నాడు.
ఆ పూటంతా మా మధ్య నడిచిన మాటలు అంతే.
పాపం, తనకే చిన్నతనమనిపించిందేమో
చివరికి ఒక తేనెపిట్ట గూడు చూపించాడు:
సాలెదారంతో అల్లిన, నిమ్మచెక్కంత గిన్నె,
పైకప్పుగా ఒకే ఒక్క ఆకు.
అన్ని వసతులూ ఉన్నాయి.

మోకాళ్లదాకా బురదతో తిరిగొచ్చి
బూట్లు గుమ్మం బయట విప్పాను.
చీకటిపడేసరికి అవి తుడిచి, పక్కపక్కన,
కడుపునిండా పాత పేపర్లు కుక్కుకుని ఉన్నాయి.
ఈ కొండమీద గోడలకి చెమట పడుతుంది,
గిన్నెలో ఉప్పు నీరుగారిపోతుంది,
అగ్గిపుల్ల గీస్తే తల రాలుతుంది గాని వెలగదు.
నా తువ్వాలు మాత్రం
ఇప్పుడే ఎండలోంచి తెచ్చినట్టు పెళపెళలాడుతోంది.
ఏ ఎండ?

ఆ రాత్రి ఎక్కడో చరియ విరిగి తీగలు తెగాయి.
దీపాలు ఆరిపోయాయి.
కొవ్వొత్తి కోసం గోడ తడుముకుంటూ వెళ్లి
తప్పు తలుపు తీశాను.

లోపల ఎండాకాలం.
గ్యాస్ పొయ్యి, నీలిమంట.
పది గదుల దుప్పట్లు తాళ్లమీద.
మధ్యలో జోయిలా, మోచేతుల దాకా ఎర్రబడ్డ చేతులు,
నా బూటు ఒళ్లో పెట్టుకుని కాగితాలు మారుస్తోంది.
ప్రతి కాగితాన్నీ నలిపేముందు
మంట దగ్గరకి వంచి ఓసారి చదువుతోంది.

"రాత్రికి మూడుసార్లు మార్చాలి" అంది,
"ఒకసారి తాగిన కాగితం మళ్లీ తాగదు.
మా ఆయనలా కాదు."
"మరి మీ ఇంట్లో బట్టలు?" అన్నాను.
"ఒంటిమీదే ఆరతాయి" అంది.
"ఆరేసరికి మళ్లీ వాన."

స్టూలు చూపించింది. కూర్చున్నాను.
కిటికీ లేదు. పిట్ట లేదు. దిండు లేదు.
ఆ కొండమీద నాకు నిద్ర పట్టింది అక్కడే,
గోడకి తల ఆనించి, ఓ పావుగంట.

వెళ్లేరోజు అతిథుల పుస్తకంలో నాలుగు మాటలు రాయమన్నారు.
అద్దం, అడవి, ఉల్బియో ఓపిక,
అందరూ రాసిందే నేనూ రాశాను.
గెస్టుని ఆ గదిలోకి రానిచ్చిందని
మాట పడుతుందేమోనని
జోయిలా పేరు రాయలేదు.
అదొక సాకు కూడా కావచ్చు.

గ్వయాకిల్‌లో ఎండకి కరువులేదు.
చేపలు, చొక్కాలు, గొంతులు, అన్నీ గంటలో ఆరతాయి.
వారం తర్వాత బూటు తొడుక్కుంటే
బొటనవేలికి ఏదో అడ్డం తగిలింది.
కాగితం ఉండ. ఇంకా చెమ్మగానే ఉంది.

విప్పితే పదకేళి, సగం పెన్సిల్‌తో నింపింది.
అడ్డం నాలుగు తప్పు రాసింది,
కొట్టేసింది,
పక్కన మళ్లీ తప్పే రాసింది.
నిలువు తొమ్మిది ఖాళీ. నాకు జవాబు తెలుసు.

వెనక్కి తిప్పితే రేవు కబుర్లు:
ఆ వారం ఓడెక్కిన అరటిపెట్టెల మొత్తం.
ఆ అంకె నేను వేసిందే.
తడికి కాస్త అలుక్కుపోయింది.
చదవడానికి వస్తోంది.