నాట్ ఉంటే తీసెయ్యాల

కోసిగి హైస్కూలు, పదో తరగతి బి సెక్షను,
అన్నాలు తిన్నాక మొదటి పీరియడు.
ప్రశ్నలో నాట్ లేకుంటే జవాబులో పెట్టాల,
ఉంటే తీసెయ్యాల.
చివర్న కొక్కెం చెరిపి చుక్క పెట్టాల.
రెండు మార్కులు.
ఇంత సులువైన బిట్టు ఇంకోటుందా?
లేదు. చూడండి, మార్చేస్తిని.

పుస్తకంలో ఉదాహరణలు వీళ్ళకెక్కలే.
స్వేచ్ఛను ప్రేమించనిదెవరు,
తుఫానును ఆపగలిగేదెవరు —
తుఫాను చూసింటే గదా.
మీ ఇండ్లల్లో అనే మాటలు తెండి అంటిని.

లేచినాయి చేతులు.
దుడ్లు చెట్లకు కాస్తాయా?
చెట్లకు దుడ్లు కాయవు సార్.
నాకేమన్నా నాలుగు చేతులుండాయా?
మాయమ్మకు రెండే చేతులు సార్.
ఎవురికి చెప్పుకోవాల?
ఈరన్న గొంతు తగ్గించి మార్చినాడు:
చెప్పుకునేదానికి ఎవురూ లేరు.
క్లాసు నవ్వబోయి ఆగింది.

ఉరుకుందమ్మ ఒక్కతే చెయ్యెత్తలే.
నోట్సు ఆఖరి పేజీలో లెక్క యేస్తాంది.
గుంటూరు మిరపకాయ, కిలోకింత,
మూడు నెల్లు, నాలుగు తలకాయలు.
నాలుగోది తనది.

శుక్రవారం తెల్లారుజామున
బడి గేటు కాడ టెంపో ఆపించింది.
బియ్యం మూటలు, చాపలు, కోళ్ళగంప,
గంపను పట్టుకోని వాళ్ళమ్మ సుంకులమ్మ.
"సారుకు చెప్పకుంటే బండి కదల్దా ఏమే?"
పిల్ల దిగింది, చెప్పులు లేకుండా,
నా తట్టు కాదు, నీళ్ళట్యాంకు తట్టు చూస్తా
అడిగింది:
"పోయి రానా సార్?"

సెలవడిగిందో,
రాననుకుంటాండారా అనడిగిందో.
తెలుగులో రెండూ ఒకటే మాటైపాయె.
నేను ఇంగ్లీషు అయివారిని,
రూలు తప్ప నాకేం చేతనైతాది?
రానా. ఇందులో నాట్ ఉంది.
ఉంటే తీసెయ్యాల.
వస్తావు, అంటిని,
బోర్డు మీద రాసినంత గట్టిగా.
టెంపో అప్పటికే గేరు మార్చింది,
ఇన్నదో లేదో.

సుగ్గికి పోయినోళ్ళు ఆ సెక్షన్లో పదకొండు మంది.
హాజరుపట్టీలో వాళ్ళ వరసలన్నీ ఎర్ర ఇంకు.
ఉగాది దాటింది. కొందరొచ్చినారు,
చేతులకు ఇంకా మంట పోలేదంటా.
హెడ్‌మాస్టరు పట్టీ తిరగేసి
ఒక పేరు మీద వేలు పెట్టినాడు.
"ఇదింకా ఏంటికయ్యా? వస్తాదా ఆ పిల్ల?"

నాట్ లేని ప్రశ్న.
జవాబులో ఏం పెట్టాల్నో
ఇరవై రెండేండ్లుగా నేనే చెప్తాండా.

పట్టీ మూసి చంకన పెట్టుకుంటిని.
రెండు మార్కులు పోతే పోనీ.