కుడి దిక్కు, కింద

దేవరకొండ దవాఖాన, ఓపీ గది, పదకొండున్నర.
కరెంటు పోయి ఫ్యాను ఆగింది కాబట్టి
ఇవాళ ఛాతీలు బాగా వినబడుతున్నాయి.

డెబ్బై మూడో చీటీ, మైసయ్య.
వయసు యాభై రెండని రాశారు,
మనిషి డెబ్బై దాటినట్టున్నాడు.
పని: బోరు బండి.
అంగీ విప్పడానికి మూడుసార్లు ఆగాడు,
గుండీ గుండీకి ఒక మజిలీ.

"నోరు తెరిచి దమ్ము తియ్యి పెద్దనాయినా."
తీశాడు.

మెడ కింద
రేకుల షెడ్డులో దూరిన ఈదురుగాలి.
అది మామూలే.
అక్కడ గొట్టం పెద్దది, గాలికి తొందర,
గోడలకు తగిలి సుడి తిరుగుతుంది.
సుడి తిరిగితేనే చప్పుడు.

కొంచెం కిందికి, ఈల.
తీసేటప్పుడు పొట్టిగా, విడిచేటప్పుడు పొడుగ్గా.
దారి ఇరుకైన చోట
గాలి గొంతు సన్నబడుతుంది.

ఎడమ పక్క అడుగున
కాలిన పెనం మీద ఉప్పు రాలినట్టు చిటపట.
అతుక్కుపోయిన బుల్లి తలుపులు
ఒక్కొక్కటే ఊడి తెరుచుకుంటున్నాయి.

కుడి దిక్కు, కింద,
ఏమీ లేదు.

స్టెతస్కోపు బిళ్లను గోటితో తట్టి చూశాను. బాగానే ఉంది.
మళ్లీ తియ్యమన్నాను.
పక్కటెముకలు లేచాయి,
చప్పుడు లేవలేదు.

"ఏమినబడ్తుంది మేడం?"

ఏం చెప్పాలో తోచక
చెవి గొట్టాలు తీసి అతని చెవుల్లో పెట్టాను.
(ఇట్లా చేయొద్దని మా ప్రొఫెసరు అనేవాడు.
ఎందుకో చెప్పలేదు.)

మైసయ్య కళ్లు మూసుకున్నాడు.
ఇరవై ఆరేండ్లు కేసింగు పక్కన కూర్చుని
భూమి లోపల గాలి ఎంత దూరం పోయిందో
చెవితోనే కొలిచిన మనిషి.

"మీద గట్టిగనే ఉంది, పెద్ద పైపు.
ఈడ ఈల కొడ్తుంది, జాయింటు కాడ సందు దగ్గరపడ్డది.
గిదేందో బుసబుస...
ఆగు, ఆగు."

బిళ్లను తనే పట్టుకుని జరిపాడు.
కుడి దిక్కు.
చాలాసేపు అక్కడే.
బయట వరసలో ఎవరో కొట్లాడుతున్నారు.

"కంప్రెషరు నడుస్తనే ఉంటది మేడం.
గాలి పోతనే ఉన్నదనుకుంటం.
మీదికి దుబ్బ రాదు, నీళ్లు రావు, చప్పుడు రాదు.
గసొంటి కాడ మేం రైతు మొకం సూడం.
రాడ్లు ఇప్పుతం."

నాకు తెలిసింది చెబుదామనుకున్నాను.
మంచి ఊపిరితిత్తిలోనూ అట్టడుగున చప్పుడుండదని,
గాలి అక్కడికి చేరేసరికి నడక మానేసి
నెత్తుటిలోకి మెల్లగా ఇంకిపోతుందని,
మేం వినే ఆకుల గలగల అంతా
పైకొమ్మలదేనని.
కానీ అతని కుడి దిక్కుది ఆ మౌనం కాదు.
పని జరుగుతున్న ఇంటి నిశ్శబ్దానికీ
తాళం పడ్డ ఇంటి నిశ్శబ్దానికీ తేడా
అతనికి నేను చెప్పాలా?

"దుబ్బ బాగా మింగావా?" అన్నాను.

"తెల్లగ, పిండి లెక్క లేస్తది.
తువ్వాల కట్టుకునేది మూతికి.
నీళ్లు పడ్డయనుకో, దుబ్బ అణిగిపోతది,
అందరం తడుస్తం, నవ్వుతం.
పడంది అయితే పొద్దు మీకేదాంక పొడి రాయే."
కాసేపు ఆగాడు, దమ్ము కోసం.
"మా దిక్కు పడనియే ఎక్కువ గద.
పడ్డ బోర్లు రైతులకు పోయినయి.
పడనియన్ని ఈడున్నయి."

ఎక్స్‌రేకి నల్లగొండ రాసిచ్చాను.
చీటీ మడత పెడుతూ అడిగాడు,
"ఇది ఎన్ని ఫీట్లుంటది మేడం, లోపల?"
జానెడు కంటే కొంచెం ఎక్కువ, అన్నాను.
"గింతేనా!" అని నవ్వాడు.
నవ్వు సగంలో ఈలయింది.

కరెంటొచ్చింది.
ఫ్యాను గరగరమంటూ తిరగడం మొదలుపెట్టింది.
అతను ఇంకా పైగుండీ దగ్గరే ఉన్నాడు.
డెబ్బై నాలుగు, అని పిలవాల్సిన ఆయమ్మ
నా మొకం చూసి
పిలవలేదు.