కెటిల్ ఆఖర్న

సోమవారం పొద్దున పదింటికి హైతమ్ వస్తాడు,
గోడలు చూడ్డానికి.
మా పదిహేనువందల దిర్హాములు
ఆయన కళ్ళజోడు వెనకాల ఉన్నాయి.

ఇవాళ గురువారం.
మువైలా ఎండ మూడో అంతస్తు కిటికీ అద్దానికి
వీపు ఆనించి నిలబడింది.
పరీక్షలు అయిపోయాయి, పుస్తకాలే అయిపోలేదు.
ఫార్మకాలజీ ఒక్కటీ తూస్తే నాలుగు కిలోలు.

కువైట్ నుంచి ఓబులమ్మత్త గొంతు వచ్చింది,
ఆ ఇంట్లో అందరూ పడుకున్నాక,
దుప్పట్లో దూరి మాట్లాడినట్టు:
"యాడన్నా మొదలుపెట్టుగానీ పాపా,
మంచం కాడ మాత్రం వద్దు.
మంచం కాడ కూచుంటే ఏడుపొస్తాది.
ఫ్రిజ్జు కాడ మొదలుపెట్టు.
అది ఏడిపీదు, కంపు కొడతాది, అంతే.
కెటిలు ఆఖర్న సర్దు.
టీ లేకపోతే ఆడోళ్ళు ముగ్గురూ కొట్టుకుంటారు."

ఫ్రిజ్ తెరిచాం.
ఫస్నా వాళ్ళమ్మ మలప్పురం నుంచి పంపిన కొబ్బరి పొడి,
తస్నీమ్ కాచి పెట్టుకున్న ఎర్రటి మందార రసం,
రెండు సెమిస్టర్లుగా నేను గీసి గీసి తిన్న
గోంగూర సీసా, అడుగున రెండు చెంచాలు.
ఎవరిదేదో తేల్చుకోలేక
అన్నీ ఒకే పళ్ళెంలో వేసి
ఖుబ్జ్ రొట్టెతో తినేశాం.
గోంగూరకి తస్నీమ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.
కారం వల్లేనంది.
తనకి ఇక్కణ్ణించి కైరో. ఖార్తూమ్ గురించి
మేమెవరం అడగలేదు.

ఇక్కడ కరెంటు ఆఫీసు పేరు సేవా.
మధ్యాహ్నమంతా నేనే చేశాను, లైనులో నిలబడి.
ఆఖరి బిల్లు కట్టి, కాగితం మడిచి
పాస్‌పోర్టులో పెట్టుకున్నాను.

శనివారం బెజ్జాలు.
మేకులు పీకితే తొమ్మిది.
వాచ్‌మన్ కుద్దూస్ భాయ్ పైకొచ్చి
టూత్‌పేస్ట్ తెమ్మన్నాడు. పూస్తే మరీ తెల్లగా,
గోడకి కొత్తగా పళ్ళొచ్చినట్టుంది.
ఆయన కాసేపు ఆలోచించి
పోపుల డబ్బా అడిగాడు.
చిటికెడు పసుపు, కలిపి, వేలితో అద్ది, తుడిచి.
సరిగ్గా అదే రంగు!
చిట్టగాంగ్‌లో మా అమ్మాయి పెళ్ళికి
ఇంత పసుపు నేను ముట్టుకోలేదన్నాడు.
వీడియోలో చూశాట్ట.

ఆ రాత్రి అత్తని అడిగాను,
నువ్వెన్ని ఇళ్ళు ఖాళీ చేశావు, ఇంత తెలుసు నీకు?

జవాబు తెల్లారి వచ్చింది.
వెనక ఎక్కడో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.
ఆ గిన్నెలు కడిగేదీ తనే.
"ఖాళీ చేసేదానికి నాకు ఇల్లేడుండాది పాపా.
పద్దెనిమిదేండ్లల్లో ఆరిండ్లు మారినా.
ఒగ బ్యాగు, ఒగ కెటిలు.
ఎవురూ గోడలు చూళ్ళేదు.
బ్యాగు ఇప్పి చూసినారు."
అంతే. తర్వాత నీళ్ళు కట్టేసిన చప్పుడు.

అది ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టలేదు.
పుస్తకాల పెట్టెకి టేపు అంటించి
మళ్ళీ పీకి మళ్ళీ అంటించాను.

సోమవారం హైతమ్ వచ్చాడు,
గోడని గుర్రాన్ని నిమిరినట్టు నిమిరాడు.
పొయ్యి వెనక జిడ్డుకి రెండొందలు కోసుకున్నాడు.
ఫస్నా అరబీలో వాదించి వంద వెనక్కి తెచ్చింది.
అరబీ అంతా కాదు, సగం మలయాళం;
అందుకే ఆయన భయపడ్డాడు.
పద్నాలుగు వందలు ముగ్గురికి సమానంగా తెగవు.
మిగిలిన చిల్లరకి కుద్దూస్ భాయ్‌కి
కరక్ చాయ్ తెప్పిద్దామంటే
కెటిల్ బయటే ఉందిగా అన్నాడాయన.

ఖాళీ గదిలో కెటిల్ చప్పుడు
ఇంత పెద్దదని అప్పుడే తెలిసింది.
ఫోను దాని పక్కన పెట్టి
మొదటి బుడగ నుంచి టక్కుమని ఆగేదాకా
రికార్డు చేసి, మాటేమీ కలపకుండా
కువైట్‌కి పంపాను.

మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది,
తలుపు వెనక పదో బెజ్జం ఉంది.
క్యాలెండర్‌ది.
హైతమ్ చూళ్ళేదు.
మేమూ చూళ్ళేదు.