కుడి చక్రం

మొదట విన్నది ఇద్వల్ కాదు, ఇద్వల్ వీపు.
పలకరాళ్ళ క్వారీలో పేలుళ్ళకి
చెవులు ఎప్పుడో ఇచ్చేశాడు.
"సీటు వెనక ఎవరో తలుపు కొడుతున్నారు" అన్నాడు.
నాకేం వినపడలేదు. లేదు పొమ్మన్నాను.
డెబ్భై దాటినవాడి నడుము పలకడం వింతా?

వారం తిరక్కుండా నేనూ విన్నాను.
టక్.
కొట్టు ముందు రివర్స్ చేసినప్పుడు ఒకటి,
గేరు మార్చి ముందుకి కదిలినప్పుడు ఒకటి.
లొడలొడ కాదు, కీచు కాదు,
మెటిక విరిచినట్టు, ఒంటరిగా.

అరవై తొమ్మిది నాటి ఆకుపచ్చ ఎమ్‌జీని
టెక్విన్ దగ్గరికి తీసుకెళ్ళాం.
కాళ్ళు ముందు పెట్టి నా చేతుల్లోకి పుట్టినవాడు.
ఇప్పటికీ కాళ్ళే కనపడతాయి,
మిగతా మనిషంతా ఏదో ఒక కారు కింద.

కమాన్ కట్టల బుష్షులు పాకంలా సాగుతున్నాయన్నాడు.
మార్చాడు. టక్.
షాక్ అబ్జార్బర్ లింకులు మార్చాడు. టక్.
షాఫ్టు జాయింటు విప్పి, ఊపి, ముక్కు చిట్లించి
బాగానే ఉందని మళ్ళీ బిగించాడు.
పొగగొట్టం కొక్కెం చూశాడు. స్పేరు చక్రం దించాడు.
దాని కింద, ఎనభై నాలుగులో
నేనే పారేశానని ఇద్వల్ మూడు రోజులు అలిగిన
స్క్రూడ్రైవరు దొరికింది.
ఇల్లు పీకి పందిరేశాక
"ఇక డిఫరెన్షియలే, పెద్దమ్మా" అన్నాడు,
పెద్ద కబురు చెప్పే ముందు
డాక్టర్లు పెట్టే మొహం పెట్టి.

ఆ మొహాల పక్కన ముప్పై నాలుగేళ్ళు
మంత్రసానిగా నిలబడ్డాను.
ఇంటికెళ్ళి సొరుగులోంచి నా చెక్కగొట్టం తీశాను:
ఒక కొస నా చెవికి,
రెండో కొస నిండు పొట్టకి ఆనించేది.
కారు వెనక దుప్పటి పరుచుకుని పడుకున్నాను.
పోనీ అంటే ఇద్వల్‌కి వినపడదు కదా,
సీటు వీపు మీద రెండు దెబ్బలు వేశాను.

వాన. ఎవరూ దిద్దని పలకలు
రెండువైపులా గుట్టలుగా.
గొర్రెలు దాటకుండా పరిచిన ఇనపకడ్డీల మీద
కారు దడదడలాడింది. టక్ లేదు.
గుంటలో పడ్డాం.
నా మోచెయ్యి మొత్తుకుంది, ఇరుసు మొత్తుకోలేదు.
అంటే కుదుపుకి పుట్టింది కాదు.
వంతెన దగ్గర ఆపాడు: టక్.
కదిలించాడు: టక్.
బయల్దేరడానికొకటి, ఆగడానికొకటి.
గొట్టం ఎడమకి జరిపాను. దూరం.
కుడికి జరిపాను,
లోపలి బిడ్డ వీపు దొరకగానే
గుండె చప్పుడు గభాల్న చెంతకొచ్చినట్టు
అక్కడ.

"కుడి చక్రం. డిఫరెన్షియల్ జోలికి పోకు."
టెక్విన్ నమ్మలేదు. అయినా జాకీ పెట్టాడు.
రాగిసుత్తితో రెక్కల నట్టు కొట్టి విప్పి
స్పోకుల చక్రం లాగాడు.
హబ్బు మీద పళ్ళు,
చక్రం పళ్ళతో పొందిగ్గా కూచోవలసినవి,
అరిగి ఒరిగి, పిల్లిపళ్ళంత వాడిగా.
సందుల్లో ఇటుకరంగు తుప్పుపొడి.
పన్నుకీ పన్నుకీ మధ్య గోరు పట్టేంత ఖాళీ.
కదలమంటే ఇటొచ్చి తగిలేది,
ఆగమంటే అటెళ్ళి తగిలేది.
రెండు నెలల మా పోట్లాటంతా
ఆ గోరంత చోటులోంచే.

కొత్త హబ్బు. చక్రం కూడా కొత్తదే;
పాతది వేస్తే దీని పళ్ళూ తినేస్తుందట.
గ్రీజు నేనే పూశాను, వేళ్ళతో.
బిల్లులో 'డిఫరెన్షియల్ పరీక్ష' అని రాసుకున్నాడు
టెక్విన్. ఇచ్చాం.

ఆదివారం కొండ దిగి గేటు దగ్గర ఆగాం.
ఏమీ లేదు.
కదిలాం. ఏమీ లేదు.
ఇద్వల్ కనుబొమలెత్తాడు, నేను తలూపాను.
"తలుపు కొడుతున్నారని చెప్పానా!" అన్నాడు,
గొర్రెలు తలలెత్తి చూసేంత గట్టిగా.

ఇప్పుడు ఎడమవైపు
ఏదో సన్నగా ఈల వేస్తోందంటాడు.
నాకింకా వినపడలేదు.
లేదు పొమ్మనలేదు.