గొళ్ళెం లేని వాక్యం

గుణుపురంలో మా చర్చి గోడ మీద
రెండే రెండు మాటలు రాయమని
గొబిందో మహారణాకి రెండు చీటీలిచ్చాను.
ఒకదాని మీద దేవుడు. ఒకదాని మీద ప్రేమ.
అతనికి తెలుగు రాదు.
ఒడియా అక్షరానికి గొడుగు పడతాడు,
మనదానికి తలకట్టు కడతాడు,
రెండూ గుండ్రాలే కదమ్మా అంటాడు.

కిటికీకి ఎడమవైపు కరెంటు మీటరు పెట్టె.
అక్కడ జాగా తక్కువని చిన్న మాట అక్కడ పెట్టాడు.
వంశధార మీంచి సాయంత్రం గాలి తిరిగేవేళకి
నీలం రంగు ఆరిపోయింది:
ప్రేమ దేవుడు.

తెలుగు బడి మూతపడ్డాక
ఈ గోడ చదవగలిగినవాళ్ళం పదకొండుమందిమి మిగిలాం.
పదిమందికి తేడా కనపళ్ళేదు, నాతో సహా.
పరంజ్యోతిగారు మాత్రం
గొడుగు మడిచి అక్కడే నిలబడిపోయారు.

ఒడియాలో అయితే చివర అటంతి అని ఒక గొళ్ళెం పడుతుంది.
ఆ మర్యాద ఎవరికో చెప్పకనే చెబుతుంది.
మనకి గొళ్ళెం లేదు. పక్కపక్కన రెండు మాటలు,
సంతలో భుజాలు రాసుకుంటూ నిలబడ్డ ఇద్దరిలా.
ఎవరికి ఎవరు తోడొచ్చారో
ముందున్నవాళ్ళని బట్టే అనుకోవాలి.

"ప్రేమని ముందుకు తెస్తే
ఎవడి ప్రేమకి వాడు గుడి కట్టుకుంటాడు, టీచరమ్మా.
మా తమ్ముడు మూడెకరాల జీడితోటని ప్రేమించాడు.
నా మీద కత్తెత్తింది ఆ ప్రేమే."
చొక్కా చెయ్యి పైకి లాగి మచ్చ కూడా చూపించారు.
కుర్రాళ్ళు నవ్వారు.
పాస్టరు ఎనోషు గొమాంగో, ఒడియాలో ప్రసంగం చేసేవాడు,
"రెండు మాటలూ ఉన్నాయి కదా, ఏది పోయిందని?" అన్నాడు.
నేను నవ్వలేదు.

మర్నాడు సున్నం కొట్టించి
దేవుణ్ణి ఎడమకి తెచ్చాం.
జాగా చాలక చివరి డు
మీటరు పెట్టె మూత మీదికి ఎక్కింది.
నెలకోసారి కరెంటతను మూత తీస్తాడు.
ఆ రెండు నిమిషాలూ ఆయన సగమే ఉంటాడు గోడ మీద.
ఆయనకి ఇరుకు కొత్తేం కాదు.

ఎందుకు నవ్వలేదో పరంజ్యోతిగారికి చెప్పలేదు.

మా గుంట సువర్ణకి మూడేళ్ళప్పుడు
మలేరియా బుర్రకెక్కింది.
పర్లాకిమిడి ఆసుపత్రిలో ఒక మంచం మీద మాది,
ఆనుకున్న మంచం మీద కొండ మీంచి దింపుకొచ్చిన సవర పిల్లాడు.
తెల్లారేదాకా ఉన్నది ఒక్క గ్లూకోజు సీసా అని
నర్సు మా ఇద్దరి మధ్యా నిలబడి అంది.
చల్లటి గచ్చు మీద మోకరించాను.
ఏం అడిగానో ఈ నలభై ఏళ్ళలో
ఏ కూడికలోనూ సాక్ష్యం చెప్పలేదు.
ఆ పిల్లాడి చేతికి నరం దొరక్కుండా చెయ్యమన్నాను.
అదీ ప్రేమే.
అంత గట్టిగా నేను మళ్ళీ ఎవర్నీ ప్రేమించలేదు.
సీసా మాకొచ్చింది.
ఎవరు ఇచ్చారో ఈనాటికీ తేల్చుకోలేను.

రెండో జామున పక్కమంచం మీద మూలుగు ఆగింది.
ఆ తల్లి కాసేపు ఏడ్చింది,
పిల్లాణ్ణి తన చీరచెంగులోనే చుట్టుకుంది.
తెల్లారితే గాని బస్సు లేదు.
సిగ్గులేని నిద్ర, నాకు కునుకు పట్టేసింది.

మెలకువొచ్చి చూద్దును కదా
వాడు ఆమె ఒళ్ళో అలాగే ఉన్నాడు.
రెండో చేతిలో తాటాకు విసనకర్ర,
మా గుంట మొహం మీద దోమ వాలకుండా విసురుతోంది.

పేరు అడగలేదు.
ఎవరికి మొక్కుతుందో అడగలేదు.
సవరలో ఏదో అంటోంది, చిన్న వాక్యం,
మళ్ళీ మళ్ళీ అదే.
నాకా భాష రాదు.
అందులో క్రియ ఎక్కడుందో తెలీలేదు.
చెయ్యి మాత్రం ఆడుతూనే ఉంది.