తేమ లెక్క

లేక్ చార్లెస్‌లో అందరూ అనుకుంటారు
తుఫానొస్తే వెర్నా గిడ్రీకి పండగని.
కాదు.
తుఫాను డబ్బు బీమా వాళ్ల బల్ల మీద
తొమ్మిది నెలలు నానుతుంది.
ఓసారి మా జీతాల కోసం
ట్రక్కు తాకట్టు పెట్టిందామె.

అన్నం పెట్టేవి మామూలు మంగళవారాలే:
పళ్ల డాక్టరు మేడ మీద పగిలిన గొట్టం,
బడి వంటగదిలో ఎవరూ చూడని చుక్క.
అందుకే ఏడాదికింతని ముందే రాయించుకుంది
నాలుగు క్లినిక్కులు, ఒక చర్చి,
ఒక చికెన్ దుకాణం.

ఫ్యాన్లు పన్నెండు.
షెడ్డులో నిద్రపోతే నష్టం,
ఎవరింట్లోనో రాత్రంతా రొద పెడితే లాభం.

నాకు మొదటిరోజే చెప్పింది:
"చెయ్యి పొడి అంటుంది, కన్ను పొడి అంటుంది.
మీటరు అన్నాకే బిల్లు రాయి."

నిన్న ముసలి ఆర్సెనో ఇంట్లో
మూడో రోజుకే గోడ ఆరింది.
సంతకమైంది ఐదు రోజులకి.
ఫ్యాన్లు ఆపించి, రెండు రోజులు కొట్టేసింది.
"నష్టం కదా" అన్నాను.
"ఆయన కూతురు బడి బోర్డులో ఉంది" అంది,
నవ్వకుండా.

మా ఆఫీసు కప్పు మీద
టీ రంగు మరకొకటి పెరుగుతోంది.
కింద బకెట్టు.
ఆ బిల్లు ఎవరి పేర రాయాలో
ఇంకా తేలలేదు.