సున్నపుగుంట, జనాభా

పసుపు బోర్డు మీద నల్లక్షరాల్తో రాసిండారు:
సున్నపుగుంట. జనాభా 3,106.
ఆఖరి ఆరుని ఎవరో పిల్లోడు మేకుతో గీకి
ఎనిమిది చేసినాడు.
వాళ్ళింట్లో ఆ యేడు కవలలు పుట్టినారంట.

నేను ఎలిమెంటరీ స్కూలు పంతులమ్మని.
చంకలో ఫారాలు, చేతిలో సుద్దముక్క.
గడపకో నంబరు వేసుకుంటా
ఫిబ్రవరి ఎండలో తిరగతా ఉండాను.

పాత కరణం లెక్కల్లో ఈ ఊరు ఒక్క వరుసే:
ఇండ్లు పదకొండు, మనుషులు నలభై మూడు,
ఎద్దులు అరవై, బట్టీలు మూడు.
కొండ కింద పాత సత్రాల గోడల్లో
ఈ బట్టీల సున్నమే ఉండాదని
చెంగల్రాయుడు తాత చెప్తాడు.
వాళ్ళ నాయన కళ్ళు ఆ సున్నానికే పోయినాయి.
సత్రాల మీద పేర్లు మాత్రం దాతలవి.

బట్టీలు ఆరిపోయినాక గుంటలో నీళ్ళు నిలిచినాయి.
రేణిగుంటలో పట్టాల పనికొచ్చినోళ్ళు
ఆర్కాటు నుంచి ఒక అరవ వీధినే మోసుకొచ్చినారు.
స్వర్ణముఖి ఒకేడు గుడిసెల్ని తోసేస్తే
ఒడ్డునున్నోళ్ళు చాపలు చుట్టుకోని ఈ మిట్టెక్కినారు.
ఇంక ఆ తర్వాత ప్లాట్లు.
రాళ్ళు పాతి, గీతలు గీసి
(మళ్ళీ సున్నమే!)
గుంటని మట్టితో పూడ్చేసి
దానికి లేక్ వ్యూ అని పేరు పెట్టినారు.

"నిన్న రాత్రి ఈ ఇంట్లో ఎంతమంది పడుకున్నారు?"
ఫారంలో ప్రశ్న సులభంగానే ఉండాది.
ఈ ఊర్లో రాత్రిపూట పడుకునేదెవరు?
వళ్ళియమ్మ కొడుక్కి కల్యాణకట్టలో నైట్ డ్యూటీ.
మొక్కు ఎవరిదో, వెంట్రుకలు ఇంటికొచ్చేది వాడి చొక్కాకి.
హయాత్ బాషా జీపు మూడో ట్రిప్పులో ఘాటెక్కతా ఉంటుంది.
లాడ్జీలో దుప్పట్లు మడిచే దేశమ్మ
పగలు కాసేపు నడుం వాలుస్తుంది.
ఒకటే చాప, రెండు షిఫ్టులు.
ఒకరు లేచిన వెచ్చన ఆరకముందే ఇంకొకరు.
ఇంటికి కాదు, చాపకి నంబరు వేద్దామా
అనిపించింది ఒక క్షణం.

యాభై రెండో ఇంట్లో మొగోళ్ళు ఇద్దరు కనపళ్ళేదు.
"యాడికి పోయినారు మేయ్?" అంటే
కుప్పమ్మ పొయ్యి పక్కకి చూసింది.
పొయ్యిలో ఏమీ లేదు.
ఎర్రదుంగ కిలో ఎంతో తెలిసిన వీధి ఇది,
తెలిసినట్టు ఎవరూ మాట్లాడని వీధి.
"రాసుకో. ఉండారు. వస్తారు" అనింది.
ఫారంలో 'వస్తారు'కి గడి లేదు.
ఉన్నారనే రాసినాను.

మాతృభాష దగ్గర పెన్ను ఆగింది ఇంకో ఇంట్లో.
తొమ్మిదేళ్ళ పిల్ల, బస్టాండులో జామకాయలమ్ముతుంది.
"అమ్మతో అరవం, నాయనతో తెలుగు.
దెబ్బ తగిల్తే నోటికేదొస్తే అది."
"ఒకటే చెప్పాలమ్మా."
"అయితే నాయనింట్లో లేనప్పుడు రా అక్కా,
అరవం రాసుకుందువు."

చీకటి పడేసరికి ఏడొందల తొంభై ఒకటి తేలినారు.
రెండుసార్లు కూడినాను, రెండోసారి తొంభై మూడు.
కాళ్ళీడ్చుకుంటా నా అద్దె గదికొస్తే
పక్క బ్లాకు సారు తలుపు మీద రాసిపోయిండాడు,
సుద్దతో, గుండ్రటి అక్షరాల్లో:
తాళం. మనుషులు లేరు.

చెంగుతో తుడిస్తే పోలేదు, ఇంకా తెల్లగా పాకింది.

పెయింటరు మునిరత్నం నిచ్చెన భుజానేసుకోని పోతా
"మేడం, కొత్త నంబరు ఎంత వెయ్యమంటారు?" అన్నాడు.
పైనుంచి లెక్క రావాల, ఏండ్లు పడుతుందిలే అన్నాను.
అందాకా ఏమి చేసేదని తల గోక్కున్నాడు.

అందాకా ఆ పిల్లోడు ఉండాడు కదా,
వాడి దగ్గర మేకు ఉండాది.